ఒకటో లెక్క మీద కాలు పెట్టని మౌలాలీ

“ఒకటి మీద దరువు పడకపోతే జనానికి ఎక్కదు బాబాయ్. నువ్వు ఓడలో చూశావు, వీళ్ళు చూళ్ళేదుగా.”

“చూళ్ళేదు కాబట్టే చూపిద్దామంటన్నా. చూసిందే మళ్ళీ చూపిచ్చేదానికి నన్నెందుకు పిలిచావు?”

“పెళ్ళివాళ్ళు సాల్సా కావాలన్నారు, పిలిచా. ఇప్పుడు ఊపు కావాలంటన్నారు.”

“ఊపు కావాలంటే తిరునాళ్ళలో ప్రభ ముందు ఎగరమను. కోటప్పకొండ ఎంత దూరమని?”

“పెళ్ళి ఆదివారం. ఇయ్యాల బుధవారం. నీకు దణ్ణం పెడతా, ఆ దరువొక్కటి పెట్టనీ.”

స్పీకర్ పెట్టె భుజాన పెట్టుకుని నేను మెట్ల మీదే ఆగిపోయాను. కింద పురుగుమందుల షాపు, పైన ప్రీతి హాలు. నరసరావుపేట ప్రకాష్‌నగర్‌లో ఆ హాలు తెలియనివాళ్ళు తక్కువ. పొద్దున పూట ఆడవాళ్ళకు జుంబా, సాయంత్రాలు పెళ్ళిళ్ళ సంగీత్‌లకు డాన్సులు నేర్పడం. పాటలు కత్తిరించి అతికించే పని నాది. ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేశాక నాకు దొరికిన పనుల్లో ఇదొక్కటే ఆర్నెల్లకు మించి నిలిచింది.

లోపల ప్రీతితో వాదిస్తున్నది మౌలాలీ. అరవై ఒక్క ఏళ్ళుంటాయి. పగలంతా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడతాడు. వారంలో మూడు సాయంత్రాలు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని ఇక్కడికొచ్చి సాల్సా నేర్పుతాడు. సాల్సా అన్నది ప్రీతి బోర్డు మీద రాసిన మాట. ఆయన మాత్రం ‘సోన్’ అంటాడు. అది సాల్సాకి తాత లాంటిదట, క్యూబా దేశపు పల్లెల్లోది.

నన్ను చూడగానే ఇద్దరూ నా మీదకు తిరిగారు.

“ఏరా మనోజు, నువ్వు చెప్పు. చర్చిలో రిథమ్ ప్యాడ్ వాయించినోడివి గదా,” అన్నాడు మౌలాలీ.

నాకు దాచుకోవడం రాదు. “పెట్టేస్తేనే బాగుండిద్ది బాబాయ్. ఒకటి దగ్గర పాట చచ్చిపోయినట్టుంది,” అన్నాను.

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పి, “ఏందీ?” అన్నాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఆ మాట నా చెవికే బాగోలేదు.

ఆయన కుడి చెవి పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఎడమది పోతోంది. ఓడ లాండ్రీలో ఇరవై ఒక్క సంవత్సరాలు విన్న యంత్రాల హోరు ఆ రెండు చెవులనూ తినేసింది. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయని గుంటూరులో డాక్టరు చెప్పాడు. ఒకసారి పెట్టుకుని చూశాడు. మాటలు తెలిశాయి గానీ పాట పెడితే రేకుల మీద వాన కురిసినట్టుందని అక్కడే తీసి ఇచ్చేశాడు. అంటే ఇక ఎన్ని పాటలు వినగలడో ఆయనకే తెలియదు. ఆ మిగిలినవైనా లెక్క తప్పకుండా ఆడాలన్నదే ఆయన పేచీ అంతా. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

అసలు ఆ లెక్క ఏమిటో చెప్పాలి. పాటలో లెక్క నాలుగు చొప్పున వస్తుంది. మన దగ్గర డప్పైనా, బ్యాండు మేళమైనా, డీజే అయినా ఒకటి మీద దబ్‌మని పడుతుంది, మన కాలు కూడా అక్కడే పడుతుంది. మౌలాలీ నేర్చుకున్న ఆటలో ఒకటి మీద కాలు కదలకూడదు. రెండు, మూడు, నాలుగు మీద అడుగులు. మళ్ళీ ఒకటి ఖాళీ. ఆ పాత పాటల్లో అడుగున మోగే బేస్ కూడా ఆ ఒకటిని తప్పించుకునే మోగుతుంది. పల్నాట్లో పుట్టినవాడికి ఇది నేర్పడం ఎంత కష్టమంటే, ప్రీతి దగ్గరకు వచ్చిన ముప్ఫై మందిలో ఇరవై ఎనిమిది మంది మొదటి రోజే ఒకటి మీద తొక్కేశారు. మిగిలిన ఇద్దరు అసలు కదల్లేదు.

మౌలాలీది మాచర్ల. స్టేషన్ వెనక వీధి. రైలు అక్కడితో ఆగిపోతుంది, దాని ముందుకు పట్టాలు లేవు. వచ్చిన రైలు వచ్చిన దారినే వెనక్కి పోవడం చూస్తూ పెరిగానని, అందుకే తనకు ఒకచోట కాలు నిలవలేదని చెబుతాడు. ఇరవై తొమ్మిదో ఏట చెన్నైలో ఒక ఏజెంటు ద్వారా ప్రయాణికుల ఓడలో లాండ్రీ పనికి కుదిరాడు. పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంట్లో. అప్పటికే హజ్రా బీతో పెళ్ళయింది.

“సముద్రం చూశావా బాబాయ్?” అని ఒకసారి అడిగాను.

“ఏం చూడటం. మా లాండ్రీ నీళ్ళకి కింద ఉండేది. నేను చూసిందంతా దుప్పట్లే.”

ఆ దుప్పట్లే ఆయనకు ఆట నేర్పాయి. మడతబల్ల దగ్గర కారిదాద్ అని ఒక క్యూబా మనిషి ఉండేది. అరవై ఏళ్ళది, లావుపాటిది, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుండేది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రెండు కొసలు, ఇంకొకరు రెండు కొసలు పట్టుకుని దగ్గరకు రావాలి, కలపాలి, వెనక్కి జరగాలి. ఒకడు తొందరపడితే దుప్పటి నేల మీదకు జారుతుంది. మౌలాలీ మొదటి వారం రోజూ తొందరపడ్డాడట. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈయనకు ఆమె భాష రాదు. దుప్పటి జారినప్పుడల్లా ఆమె వేలు పైకెత్తి, “ఊనో, నో,” అనేది. ఊనో అంటే ఒకటి. ఒకటి వద్దు. ఆ దేశపు భాషలో ఆయన మొదట నేర్చుకున్న మాటలు అవే.

ఆదివారం మధ్యాహ్నాలు పని వాళ్ళ భోజనాల గదిలో బల్లలు పక్కకు జరిపేవారట. పాట పెట్టగానే ఎవరు ఎవరితోనైనా ఆడేవారు. రంగులేసేవాడు వంటమనిషితో, డెబ్బై కిలోల కారిదాద్ యాభై కిలోల మౌలాలీతో. పాట అయిపోయాక వరస మారిపోయేది. “అందులో ఇంకే యవ్వారం లేదురా. కూచొని మాట్లాడుకున్నట్టే. ఇది కాళ్ళతో మాట్లాట్టం,” అనేవాడు. ఎంత బాగా ఎగిరాడన్నది ఎవరూ చూడరట. ఒకటి వదిలాడా లేదా అన్నదే చూస్తారట.

పదకొండేళ్ళ కిందట ఓడ వదిలి నరసరావుపేట వచ్చి ఇస్త్రీ బండి పెట్టాడు. ఆడటానికి మనిషి లేదు. ఆడమగ చేతులు పట్టుకుని ఆడతారని చెబితే అందరూ అర్థం చేసుకున్నది ఒకటే, రికార్డింగ్ డాన్సు. తిరునాళ్ళకు ప్రభల మీద లైట్లు పెట్టి ఆడించే ఆ డాన్సు తప్ప ఆ మాటకు ఇక్కడ ఇంకో అర్థం లేదు. ఇస్త్రీకి బట్టలిచ్చే ఒక పెద్దాయనైతే, “ఈ వయసులో నీకేం పుట్టిందయ్యా,” అని నెల రోజులు బట్టలు పంపలేదు.

“నా చేతులు పట్టుకుంటానంటే నీ చేతులు ఇరుగుతయ్యి,” అందట హజ్రా బీ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అవి లేకపోయినా ఆ మాటే అనేది.

అప్పుడు ఆయనకు దుప్పటి గుర్తొచ్చింది. దుప్పటి కాకుండా తువ్వాలు తెచ్చాడు. ఒక కొస నీది, ఒక కొస ఎదుటివాళ్ళది. చేయీ చేయీ తగలదు. తువ్వాలు బిగిసిపోకూడదు, నేలకు వేలాడకూడదు, మధ్యలో కొద్దిగా వంగి ఉండాలి. ఒకడు ఒకటి మీద తొక్కితే అది జర్కు కొట్టి రెండోవాడికి తెలిసిపోతుంది. ప్రీతి హాల్లో మొగుడూ పెళ్ళాలు కూడా మొదటి నెల తువ్వాలుతోనే ఆడతారు. కొందరు ఆ తర్వాత కూడా వదలరు, చేతుల కంటే అదే సుఖంగా ఉందట. ఇంకెక్కడా ఇలా నేర్పుతారని నేను వినలేదు.

ఇక నేను చేసిన పని. గురువారం పొద్దున ప్రీతి ఫోన్ చేసింది. “ఆయన్ని నేను చూసుకుంటాలే. నువ్వు దరువు పెట్టి పంపు.” పది నిమిషాల్లో పెట్టేశాను. ప్రతి ఒకటి కింద లావుపాటి డీజే దెబ్బ. చేతులు దురద పెడుతున్నాయి, ఆ ఖాళీ చూస్తే నాకు మొదటి నుంచీ పడదు. చర్చిలో కూడా అంతే, పాటకీ పాటకీ మధ్య ప్యాడ్ మీద ఏదో ఒకటి మోగిస్తూనే ఉండేవాణ్ణి. “అబ్బాయ్, కనీసం ప్రార్థన దగ్గరన్నా ఆపు,” అన్నాడు పాస్టరు గారు. ఆపలేక ఆ పని మానేశాను.

శుక్రవారం సాయంత్రం చివరి ప్రాక్టీసు. పెళ్ళికొడుకు సందీప్, బొల్లాపల్లి వైపు పొలాలున్న కుటుంబం. పెళ్ళికూతురు భార్గవి ఈ ఊరి అమ్మాయే. వాళ్ళతో పాటు రెండువైపుల వాళ్ళూ పదిమంది గోడల వెంట కూర్చున్నారు. మౌలాలీ ఎప్పటిలాగే చెప్పులు విప్పి చెక్కల నేల ఎక్కాడు. జుంబా కోసం ప్రీతి వేయించిన నేల అది. ఆయన చెప్పులు విప్పడం మేమంతా భక్తి అనుకునేవాళ్ళం.

“అమ్మాయ్, ఆ కొస పట్టుకో. మీ ఆయన చూసి నేర్చుకుంటాడు,” అని భార్గవికి తువ్వాలు అందించాడు.

“ఇంకా మా ఆయన కాలేదు బాబాయ్. రెండ్రోజులుంది,” అంది ఆ అమ్మాయి. అందరూ నవ్వారు.

ప్రీతి నావైపు చూసింది, దరువు సంగతి ఆయనకు చెప్పలేదని ఆ చూపులోనే తెలిసింది. నేను పాట మొదలుపెట్టాను.

మొదటి నాలుగు లెక్కలకు ఆయన కదల్లేదు. రెండో నాలుగుకు కదిలాడు, తప్పుగా. మూడు మీద మొదలుపెట్టి, ఆగి, కాలు వెనక్కి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టి ఈసారి సరిగ్గా ఒకటి మీద తొక్కాడు. తువ్వాలు జర్కు కొట్టింది. భార్గవి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తల వంచి ఎడమ చెవి స్పీకర్ వైపు తిప్పాడు. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన వింటున్నది చెవితో కాదు. బేస్ ఆ చెక్కల్లోంచి ఆయన పాదాలకు వచ్చేది. అది ఎక్కడ మోగడం లేదో చూసుకుని, అక్కడ ఒకటి ఉందని లెక్క కట్టుకునేవాడు. ఆ ఖాళీని నేను పూడ్చేశాను.

“ఏంది బాబాయ్, మాస్టారే తప్పుతుంటే మేమేం ఆడాలి?” అన్నాడు సందీప్. చెడ్డగా అన్న మాట కాదు. గోడ దగ్గరవాళ్ళు నవ్వారు.

మౌలాలీ ఇంకోసారి ప్రయత్నించాడు. ఇంకోసారి తప్పాడు. తువ్వాలు రెండు చేతులతో మడిచి, నాలుగు మడతలు చేసి చంకలో పెట్టుకున్నాడు. “ఇయ్యాల ఒంట్లో బాలేదమ్మా,” అని ప్రీతితో చెప్పి చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. పాట మోగుతూనే ఉంది. ఆపాలని కూడా నాకు తోచలేదు.

శనివారం పొద్దున ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్ళాను. పెట్టెలో బొగ్గులు ఊదుతూ హజ్రా బీ ఉంది. ఆయన లాల్చీ చేతులు మడత పెడుతున్నాడు.

“పిన్నీ, బాబాయ్ ఏమన్నా చెప్పాడా?”

“రేత్రి అన్నం తిన్లేదు. నాకు లెక్క పోయింది హజ్రా అన్నాడు. చెవి కాదంట, లెక్కంట. ఏం లెక్క రా అది, బడిలో పిల్లోడిలాగా?”

నేను ఆయన ఎడమవైపుకు వెళ్ళి నిలబడ్డాను. “లెక్క నీది పోలేదు బాబాయ్. పాటలో దరువు పెట్టింది నేను. ఒకటి మీద.”

“ఏందీ?”

ఈసారి గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అవతలి కిళ్ళీ కొట్టువాడు కూడా తిరిగి చూశాడు. మౌలాలీ లాల్చీ మడత పూర్తి చేసి బండి అంచున పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“అయితే నా కాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట,” అన్నాడు. “దొంగనాకొడకా, ముందే చెబితే రాత్రి కాస్త అన్నమన్నా తినేవాణ్ణిగా.”

తర్వాత బండి కింద నుంచి తువ్వాలు తీసి ఒక కొస నా మీదకు విసిరాడు. నా ఫోన్లో పాత పాట, నేను పాడు చేయనిది, పెట్టమన్నాడు. ఫోను ఆయన ఎడమ చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని, వీధిలోనే అడుగు వేశాడు. నేను ఒకటి మీద తొక్కాను. మళ్ళీ తొక్కాను.

“ఆగరా. ఒకటి వచ్చిద్ది, పోయిద్ది. దాన్ని పోనీ.”

“నిలబడితే పడిపోయేటట్టుంది బాబాయ్.”

“పడితే పడు. పట్టుకుంటాగా, తువ్వాలుంది.”

“ఆ పిల్లోడి కాలు నిలవదు,” అంది హజ్రా బీ విసనకర్ర ఊపుతూ. “కాలేజీలోనే నిలవలేదు.”

ఏడుసార్లు తొక్కాను. ఎనిమిదోసారి ఎలాగో ఆగాను. ఆ ఒక్క లెక్కంత సేపు ఏమీ చేయకుండా నిలబడటం నా జన్మలో చేసిన అన్ని పనుల కంటే కష్టంగా అనిపించింది. తొమ్మిదోసారి మళ్ళీ తొక్కాను.

ఆదివారం సాయంత్రం, రాత్రి ముహూర్తానికి ముందు పెట్టిన సంగీత్‌కి ఆయన రాలేదు. సందీప్ వాళ్ళ బట్టలన్నీ ఇస్త్రీ చేసి పంపాడు, మడత నలగకుండా. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆట బ్రహ్మాండంగా కుదిరింది. ప్రతి ఒకటి మీద దెబ్బ పడుతుంటే ఫంక్షన్ హాల్లో మూడొందల మంది చప్పట్లు కొట్టారు. సందీప్ దుమ్ము లేపాడు. సంవత్సరం పొడుగునా ప్రోగ్రాములు వస్తాయని ప్రీతి నా వీపు మీద తట్టింది. ఎవరికీ ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు. నేను మాత్రం స్పీకర్ల పక్కన నిలబడి భార్గవి పాదాలు చూస్తున్నాను. హాలంతా ఒకటి మీద తొక్కుతోంది. ఆ అమ్మాయి తొక్కలేదు. అంత దెబ్బ పడుతున్నా ఒకటి దగ్గర ఆగి, రెండు మీద కదిలింది. పాట మొదలు నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా తప్పలేదు.

సోమవారం బండి దగ్గర ఈ మాట చెప్పాను. ఆయన వెంటనే నమ్మలేదు.

“రెండు మీద ఏ కాలు వేసింది?”

“కుడి కాలు.”

“వెనక్కి వేసిందా?”

“వెనక్కే.”

ఆయన ఇస్త్రీ ఆపాడు. “నా దగ్గర నాలుగు రోజులే నేర్చుకుంది ఆ పిల్ల,” అన్నాడు.

“మళ్ళీ హాలుకి రా బాబాయ్. దరువు తీసేస్తా. ప్రీతితో నేను మాట్లాడతా.”

“ఆమెని ఏమనబాకు. ఆమె పని ఆమె చేసుకోవాల. నేను మాత్రం రాను.”

“మరి చెక్కల నేల ఇంకెక్కడుంది? పాట నీకెట్లా తెలుస్తది?”

ఆయన హజ్రా బీ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుని బొగ్గులు కదిపింది. శనివారం నాటి తువ్వాలు ఉతికి, ఇస్త్రీ చేసి, బండి అంచు మీద పెట్టి ఉంది. దాన్ని విప్పి, ఒక కొస తన వేళ్ళకు చుట్టుకుని, రెండో కొస నా చేతికి ఇచ్చాడు.

“ఈ చెవి ఎన్నాళ్ళు ఉంటదో తెలవదురా. ఏడాదో, ఆర్నెల్లో. అది పోయాక ఆదివారం మజ్జానాలు ఇక్కడికి రా. పాట నువ్వు విను, నేను వినలేను. ఈ కొస పట్టుకో. రెండు, మూడు, నాలుగు నీ చేతిలోంచి నాకు తెలుస్తయ్యి. ఒకటి దగ్గర మాత్రం కదలబాకు.”